ట్యాంకు పట్టని సందు

చేపల మార్కెట్లో బేరాలు ముగిసి నేల కడిగే వేళకి హిష్మత్ మాష్టారు గోతం పట్టుకుని వచ్చేవాడు. ఐసు కరిగిపోయిన థర్మాకోల్ పెట్టెల్లో పగుళ్లు లేనివి ఏరుకుని ఇంటికి మోసుకెళ్లేవాడు. పోర్ట్ సయీద్‌లో కొత్త థర్మాకోల్ దొరక్క కాదు. చేపల పెట్టెలది గట్టి సరుకు. కోస్తే గుళికలు రాలవు, గోరుతో నొక్కితే నొక్కిన గుర్తు అలాగే నిలుస్తుంది. కాకపోతే ఎంత సబ్బుతో తోమినా, ఎన్నాళ్లు ఎండబెట్టినా దాని వాసన దానిదే. వాటిని మేడ మీద ఆరబెట్టిన నాటినుంచి వీధిలో పిల్లులన్నీ ఆ ఇంటి మెట్ల మీద కాపురం పెట్టాయి.

"ఉస్తాద్, ఇవాళైనా చేపలున్న పెట్టె ఒకటి పట్టుకెళ్లండి. ఇంట్లో ఆవిడ నమ్మకం కోల్పోతుంది," అని చేపలవాళ్లు వేళాకోళం చేసేవారు.

ఆవిడ నమ్మకం ఎప్పుడో కోల్పోయింది. "చేప వాసన తప్ప చేప రాని ఇల్లు ఊరు మొత్తం మీద మనదొక్కటే," అనేది నగాత్. అంటూనే పెట్టెలు కడగడానికి వేడినీళ్లు పెట్టేది.

హిష్మత్ ముప్పయ్యేళ్లు బళ్లో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడతను థర్మాకోల్‌తో కడుతున్నది ఒక సందు. అరబ్బు పేటలో తను పుట్టిన సందు, పందొమ్మిది వందల యాభయ్యారులో ఇంగ్లీషు సైన్యం ఊళ్లో దిగినప్పుడు ఎలా ఉండేదో అలాగ. ఆ సందు ఇప్పుడు లేదు. అరవయ్యేడు యుద్ధం తర్వాత ఊరు ఊరంతా ఖాళీ చేసి పోయినప్పుడు బాంబులకి సగం పోయింది. తిరిగొచ్చినవాళ్లు లేపిన కాంక్రీటు మేడలకి మిగతా సగం పోయింది. ఫోన్లు బాగుచేసే దుకాణాల కింద అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసేదో కూడా చెప్పగలవాళ్లు ఊళ్లో లేరు.

హిష్మత్‌కి మాత్రం ఆ సందు కావాలి. వాళ్ల నాన్న కోసం కావాలి.

నాన్న పేరు మర్జూఖ్. అతను బంబూతి. అంటే సూయజ్ కాలవలో ఆగిన ఓడల పక్కకి చిన్న పడవ వేసుకెళ్లి తోలు సంచులూ, ఒంటె బొమ్మలూ, శాలువాలూ తాళ్లకి కట్టి పైకి పంపించి అమ్మేవాడు. ఆ పనిలో బతకాలంటే నాలుగు భాషల్లో బేరమాడే నాలుక ఉండాలి. మర్జూఖ్‌కి ఇంగ్లీషు బాగా వచ్చు. అదే అతని కొంప ముంచింది.

ఇంగ్లీషు సైన్యం ఊళ్లో ఉన్న ఆ రోజుల్లో, ఒక తెల్లవారుజామున, ఆ సందులో కాఫీ కొట్టు వెనక గదిలో దాక్కున్న కుర్రాళ్లని సైనికులు పట్టుకుపోయారు. ఇద్దరు తిరిగి రాలేదు. ట్యాంకు సందులోకి వచ్చిందనీ, దాని ముందు మర్జూఖ్ నడుస్తూ చెయ్యి ఊపి దారి చూపించాడనీ పుకారు లేచింది. ఎవరు చూశారు అంటే, అందరూ చూసినవాళ్ల దగ్గర విన్నవాళ్లే. సైన్యం వెళ్లిపోయాక వచ్చిన మొదటి వసంతంలో, పండగ ముందు రాత్రి దిష్టిబొమ్మలు కాల్చేటప్పుడు, సందు మొదట్లో మర్జూఖ్ బొమ్మని కూడా వేలాడదీసి కాల్చారు. బంబూతీలు వేసుకునే పొడుగు కోటు తొడిగి, చేతికి ఒక రేకు ట్యాంకు కట్టారు. ఆ మరుసటేడూ కాల్చారు. మర్జూఖ్ పడవ అమ్మేసి, సముద్రం ఒడ్డున నానబెట్టిన గింజలు అమ్ముకున్నాడు. ఇంగ్లీషు ముక్క మళ్లీ నోట పలకలేదు. ఊరు ఖాళీ చేసి తలదాచుకున్న ఏదో పల్లెలో పోయాడు.

హిష్మత్ ఈ గొడవంతా అయ్యాక పుట్టాడు. కానీ బడిలో చేరిన రోజునుంచీ అతను "దారిచూపినోడి కొడుకు". అతని ఇల్లు "దారిచూపినోడి ఇల్లు". ఇప్పుడు వయసు మీదపడ్డాక ఆ మాటలో మునుపటి కసి లేదు. పోస్టువాడికి గుర్తు చెప్పడానికి కూడా అదే వాడుతున్నారు. హిష్మత్‌కి కసిగా అన్నప్పటికన్నా ఇదే ఎక్కువ మండేది.

అతని దగ్గర ఒక సాక్ష్యం ఉంది. వాళ్లమ్మ తమ బాల్కనీలో నిలబడి చేపల అన్నం పళ్లెం చాపితే, ఎదురింటావిడ తన బాల్కనీలోంచి అందుకునేది. పళ్లెం ఎప్పుడూ ఖాళీగా తిరిగొచ్చేది కాదు, అందులో నారింజలో ఊరగాయో ఉండేవి. ఇది అతను కళ్లారా చూశాడు. పళ్లెం అందుకునేంత ఇరుకు సందులో ట్యాంకు ఎలా దూరుతుంది? ట్యాంకే రాకపోతే దాని ముందు నడిచినవాడెవడు? ఈ మాట బళ్లో చెప్పాడు, పెళ్లిళ్లలో చెప్పాడు, కాఫీ కొట్టు లుత్ఫీకి మొహం మీద చెప్పాడు. లుత్ఫీ చిన్నాన్న ఆ తిరిగి రానివాళ్లలో ఒకడు. ఆయన ఫోటో కొట్లో గల్లాపెట్టె పైన వేలాడుతుంది.

"పళ్లెం ఇచ్చింది మీ అమ్మ, ట్యాంకు సంగతి చెప్పింది మా నాయనమ్మ. ఇద్దరూ పోయారు. నన్నేం చెయ్యమంటావు ఉస్తాద్?" అన్నాడు లుత్ఫీ.

అప్పుడు పుట్టింది హిష్మత్‌కి ఈ ఆలోచన. మాటలు ఎవరూ నమ్మరు. కొలతలు నమ్ముతారు. డిసెంబరులో, ఇంగ్లీషు సైన్యం ఊరు విడిచిపోయిన విజయదినం నాడు సాంస్కృతిక భవనంలో ప్రదర్శన పెడతారు. అక్కడ సందుని సందులాగే, ప్రతి గోడా ప్రతి గుమ్మమూ ముప్పై అయిదో వంతుకి తగ్గించి నిలబెట్టాలి. దాని ముందు అదే కొలత ట్యాంకు పెట్టాలి. పట్టదని ఊరు కళ్లతో చూడాలి.

పని మొదలుపెట్టాడు. కొలతలకి అతనికున్నది ఒకే ఫోటో, ఎదురింటి పెళ్లి నాటిది. సందు మొదట్లో నిలబడి తీశారు. ఆ రోజుల్లో అరబ్బు పేట వడ్రంగులు తలుపులన్నీ ఒకే కొలతకి కోసేవారు. తలుపుని బట్టి గోడ, గోడని బట్టి అంతస్తు, అంతస్తుని బట్టి చెక్క బాల్కనీ లెక్క కట్టుకున్నాడు. బ్యాటరీకి తీగ తగిలించి, ఎర్రగా కాలిన తీగతో థర్మాకోల్‌ని వెన్నలా కోశాడు. మొద్దు పెన్సిలుతో ఇటుకల గీతలు నొక్కాడు. అల్యూమినియం కాగితం ఉండచేసి అద్దితే ఇటుక మీద గరుకు వచ్చింది. లప్పం, ఇసుక కలిపి పూత పూశాడు. పూత పెచ్చులూడినట్టు అక్కడక్కడ గీకాడు. నల్లరంగు నీళ్లలా పలచన చేసి ఒలికించి, వెంటనే గుడ్డతో తుడిస్తే పగుళ్లలో మాత్రం మసి మిగిలింది.

గుండ్ల దెబ్బలకి అతను కనిపెట్టిన ఉపాయం చూసి నగాత్ కూడా కాసేపు నిలబడిపోయింది. స్ప్రే రంగు తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది. మామూలుగా దానికి భయపడతారు. ఇతను అట్టముక్కకి చిల్లు పెట్టి, ఆ చిల్లులోంచి ఒక్క తుంపర కొట్టాడు. గోడ లోపలికి కుంగి, అంచులు నల్లబడి, నిజంగా ఏదో తగిలి పేలినట్టు అయింది.

"బళ్లో పిల్లలకి ఇలాంటివి చెప్పుంటే క్లాసులో కూర్చునేవాళ్లు," అంది నగాత్.

"బళ్లో కూజా బొమ్మ వెయ్యమనేవారు," అన్నాడు హిష్మత్.

బాల్కనీలు ఐస్‌క్రీం పుల్లలతో కట్టాడు. టీ పొడి ఆరబెట్టి సందులో దుమ్ముగా చల్లాడు. మెత్తటి కాగితం ముక్కలు జిగురులో ముంచి తాళ్లమీద బట్టలుగా ఆరేశాడు. అన్నిటికన్నా చివర కైరో నుంచి ట్యాంకు వచ్చింది, పాత శిష్యుడొకడు పంపించాడు. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగు వేసి, బురద పూసేసరికి దానికి బరువు వచ్చినట్టయింది. యాభయ్యారులో ఇంగ్లీషు వాళ్లు ఒడ్డున దించిన రకమే అది.

రెండు వరసల ఇళ్లూ విడివిడిగా తయారయ్యాయి. వాటిని పలక మీద ఎదురెదురుగా, ఫోటో చెప్పిన దూరంలో నిలబెట్టిన రోజు మధ్యాహ్నం నగాత్ టీ తెచ్చింది. హిష్మత్ ట్యాంకుని రెండు వేళ్లతో పట్టుకుని సందు మొదట్లో పెట్టి, నెమ్మదిగా తోశాడు.

ట్యాంకు లోపలికి వెళ్లింది. ఎక్కడా రాసుకోలేదు. కాఫీ కొట్టు దాకా వెళ్లింది, దాటి పోయింది. ఇటు వేలు పెట్టేంత చోటు, అటు వేలు పెట్టేంత చోటు మిగిలింది.

"పట్టింది," అంది నగాత్.

"ఎక్కడో తప్పు జరిగింది."

కొలబద్ద తీశాడు. తలుపు కొలిచాడు, గోడ కొలిచాడు, ఫోటోని భూతద్దం కింద పెట్టి చూశాడు. తప్పు లేదు. సందు అంతే. ట్యాంకూ అంతే.

నగాత్ వంగి, కింద నుంచి పైకి చూసింది. తర్వాత రెండు చేతులూ ఎదురెదురుగా చాపి వేళ్లు తాకించింది. "ఇదిగో, అత్తగారు పళ్లెం ఇచ్చేది ఇక్కడ. బాల్కనీలు అటూ ఇటూ ఇంతింత ముందుకొచ్చాయి. పైన పళ్లెం అందుతుంది. కింద మాత్రం దారి దారిలాగే ఉంది. నువ్వెప్పుడూ కిందకి దిగి ఆడుకోలేదా?"

"లేదు."

"ఒక్కసారి కూడానా?"

"బడికి అమ్మే పరుగున లాక్కుపోయేది, ఆటకి దిగనిచ్చేది కాదు. దిగితే పిల్లలు రాళ్లు వేసేవాళ్లు."

అతని జ్ఞాపకాల్లో ఉన్న సందంతా బాల్కనీ ఎత్తున ఉన్న సందే. ఎవరి రాళ్లు అతన్ని పైన కూర్చోబెట్టాయో, వాళ్లే అతనికి సందుని ఇరుకు చేసి పెట్టారు. ఈ సంగతి అర్థమయ్యేసరికి హిష్మత్‌కి నవ్వు రావాల్సింది, రాలేదు.

నగాతే మళ్లీ అంది, "ట్యాంకు పెట్టకు. ఇళ్లు చాలు. బాల్కనీలు, బట్టలు, అన్నీ కళ్లకి నిండుగా ఉన్నాయి. చూసినవాళ్లు నాలుగు మంచి మాటలంటారు."

"ట్యాంకు లేకపోతే ఇదంతా దేనికి?"

"మీ నాన్న ఆ పని చెయ్యలేదని నీకు తెలుసు కదా. మరి సందు వెడల్పుతో నీకేం పని?"

హిష్మత్ లేచి లప్పం డబ్బా మూత తీశాడు.

తను అబద్ధం ఆడుతున్నట్టు అతనికి ఎక్కడా అనిపించలేదు, అదీ చిత్రం. పాత ఇళ్ల గోడలకి కింద దళసరిగా పూత ఉంటుంది, ఆ పూత పూశాడు. గుమ్మాల ముందు మెట్లుంటాయి, ఒక్కో మెట్టు పెట్టాడు. గోడ వెంబడి మురికి కాలవ గట్టు ఉండే ఉంటుంది, గట్టు కట్టాడు. విడిగా ఏది తీసి అడిగినా అతను సమాధానం చెప్పగలడు. అన్నీ కలిపితే సందు ఇరుకైంది. ఈసారి ట్యాంకు సందు మొదట్లోనే ఇరుక్కుపోయింది. దాన్ని అక్కడే అతికించి, మూలన ఉన్న గోడ కాస్త చిదిమి, రాలిన పెచ్చులు పోశాడు. ట్యాంకు పైన ఒక సైనికుణ్ణి నిలబెట్టాడు. వాడు టోపీ వెనక్కి తోసుకుని, ఇప్పుడేం చెయ్యాలి అన్నట్టు సందులోకి చూస్తున్నాడు. నగాత్ అంతా చూసింది. పిల్లుల్ని తోలడానికని మెట్ల మీదకి వెళ్లిపోయింది.

విజయదినం నాడు ప్రదర్శన హాల్లో జనం మిగతావన్నీ వదిలేసి ఆ సందు చుట్టూ మూగారు. ముసలివాళ్లు కళ్లజోళ్లు సవరించుకున్నారు. ఆడవాళ్లు ఆరేసిన బట్టలు చూసి మురిసిపోయారు. ఎవరో కుర్రాడు, "మాష్టారూ, ట్యాంకు లోపలికి పోదా?" అని అడిగాడు. "పోదు నాయనా, చూస్తున్నావు కదా," అన్నాడు హిష్మత్. ఆ మాట అనడానికి అతను యాభై ఏళ్లు ఎదురుచూశాడు. రోజంతా అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అదే చెప్పాడు.

సాయంత్రం లుత్ఫీ వచ్చాడు. నమూనా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి, ఒక కన్ను మూసి సందులోంచి చూశాడు. చిన్నాన్న దాక్కున్న గది తలుపు కనిపించింది కాబోలు, అక్కడే చాలాసేపు ఆగాడు.

"పట్టదన్నమాట," అన్నాడు చివరికి.

"నేను చెప్తూనే ఉన్నాను లుత్ఫీ."

"చెప్పావు. నువ్వు చెప్పినప్పుడు విన్నాను, అంతే. ఇలా చూడలేదు." కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మా నాయనమ్మ చేతులు తిప్పుతూ చెప్పేది, ట్యాంకు వచ్చిన చప్పుడుకి గ్లాసులు పగిలాయని. ఆవిడ మటుకు చూసిందా ఏం. పోనీలే ఉస్తాద్. రేపు కొట్టుకి రా. టీ నా చేత్తో పెడతాను."

హిష్మత్ ఇంటికెళ్లి నగాత్‌కి ఈ మాట మూడుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్తున్నప్పుడు ఆవిడ కూడా నవ్వింది. "రేపు నీ తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తాను," అంది.

మర్నాడు కొట్టుకి వెళ్లేలోపే ప్రదర్శన హాల్లోనే లుత్ఫీ ఎదురయ్యాడు. పక్కన ఒక వృద్ధుణ్ణి భుజం పట్టుకుని నడిపించుకొస్తున్నాడు. "ఉస్తాద్, ఎవర్ని తెచ్చానో చూడు. బదావీ తాత. దుమ్యాత్‌లో కూతురి దగ్గరుంటున్నాడు, విజయదినానికి ఊళ్లోకొచ్చాడు. మన సందు మనిషి. కిరసనాయిలు బండి వాళ్లది. ఆ రోజుల్లో ఈయనకి పన్నెండేళ్లు. నీ పనితనం చూపిద్దామని పట్టుకొచ్చాను."

లుత్ఫీ గొంతులో కల్మషం లేదు. నిజంగానే మెప్పించడానికి తెచ్చాడు.

బదావీ నమూనా మీదకి వంగాడు. మొహం వెలిగిపోయింది. "ఇది మంత్రసాని ఇల్లు. ఇది ఇస్త్రీవాడిది. ఈ బాల్కనీ పట్టె విరిగి ఉండేది, అబ్బా, ఇతను విరిచే పెట్టాడు." చేత్తో తాకబోయి ఆగి, హిష్మత్ వైపు చూశాడు. తాకమన్నాడు హిష్మత్. ముసలాయన వేలు గోడ వెంబడి పోతూ కాఫీ కొట్టు పక్కన నిలిచింది.

"మా బండేది?" అన్నాడు.

"బండి పెట్టలేదు తాతా," అన్నాడు లుత్ఫీ నవ్వుతూ. "ట్యాంకు పెట్టాడు."

"అది కాదు. రాత్రిళ్లు మా బండి ఈ గోడకి ఆనించి ఉండేది. తెల్లారేసరికి కూరగాయల బండి దాని పక్కనుంచే పోయేది. ఇందులో," అని సందు వంక వేలు చూపించాడు, "ఇందులో మా బండి ఒక్కటీ పట్టదు."

"అప్పుడు చిన్నవాడివి తాతా. చిన్నప్పుడు అన్నీ పెద్దగానే కనిపిస్తాయి," అన్నాడు లుత్ఫీ.

"మా బండి లాగే కంచర గాడిద చిన్నది కాదు కదా. రోజూ సాయంత్రం దాన్ని ఈ సందులోనే వెనక్కి తిప్పేవాణ్ణి. నేనే తిప్పేవాణ్ణి. ఇక్కడ మెట్లెక్కడివి? ఈ గట్టు ఎవరు కట్టారు?" ముసలాయన గొంతులో కోపం లేదు, తన ఇల్లు ఎవరో సర్దితే వస్తువులు కనబడక వెతుక్కునేవాడి కంగారు ఉంది. "పైన సరిగ్గానే ఉంది. కింద ఎవరో ఇరుకు చేశారు."

లుత్ఫీ నవ్వు ఆగిపోయింది. అతను హిష్మత్ వైపు చూశాడు. హిష్మత్ నోరు తెరిచాడు గాని, పళ్లెం సంగతి తప్ప ఇంకేమీ నోటికి రాలేదు. అది చెప్పాడు. ఆ గొంతు తనకే నచ్చలేదు.

"పళ్లెం పైన," అన్నాడు బదావీ. "మీ అమ్మ ఇచ్చేది, నిజమే. నాకూ పెట్టేది."

"తాతా, ఒకటి చెప్పు," అన్నాడు లుత్ఫీ మెల్లగా. "అప్పటి సందులో ట్యాంకు పడుతుందా?"

"పడుతుంది. ఎందుకు పట్టదు?" అని బదావీ తల ఊపాడు. "కానీ రాలేదుగా. ట్యాంకు పెద్ద రోడ్డు మీదే ఆగిపోయింది. సైనికులు మేడల మీదనుంచి దిగారు. నేను బండి కింద పడుకుని ఉన్నాను, వాళ్ల బూట్లు చూశాను. సందు దారిన ఎవడూ రాలేదు. మర్జూఖ్ అక్కడ లేడు."

హిష్మత్ ఈ మాట కోసమే పుట్టి పెరిగాడు. ఇప్పుడది హాలు మధ్యలో, పదిమంది ఎదుట, అడగకుండానే వచ్చింది. అతను చుట్టూ చూశాడు. ఎవరూ ముసలాయన్ని చూడటం లేదు. అందరూ తననే చూస్తున్నారు.

"విన్నావా లుత్ఫీ?" అన్నాడు.

"విన్నాను." లుత్ఫీ ట్యాంకు కేసి చూస్తూనే ఉన్నాడు. "మరి నువ్వు గోడలెందుకు జరిపావు ఉస్తాద్?"

"ఆయన చెప్పింది విను ముందు. రాలేదంటున్నాడు. చూసిన మనిషి."

"ఆయనకి ఎనభై దగ్గరపడ్డాయి. మధ్యాహ్నం ఏం తిన్నాడో గుర్తుండదు. నువ్వు నిన్నగాక మొన్న కొలిచావు. కొలిస్తే పట్టింది. అవునా కాదా?"

హిష్మత్ చేత్తో గట్టుని కప్పాడు.

"మేమంటే పెద్దవాళ్లు చెబితే విన్నాం. మాకేం తెలీదు. నీకు మీ నాన్న మీద నమ్మకముంటే, సందు ఎంతుంటే అంత పెట్టేవాడివి." లుత్ఫీ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "నేను నిన్న ఇంటికెళ్లి మా వాళ్లందరికీ చెప్పాను. మన తప్పే, ఆయన్ని ఊరికే ఆడిపోసుకున్నామని. నా చేత ఆ మాట అనిపించావు."

అతను వెళ్లిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు తగ్గు స్వరంతో మాట్లాడుకుంటూ చెదిరారు. అరవయ్యేళ్లకి పైబడి పుకారుగా తిరిగిన మాట ఆ సాయంత్రానికి ఊళ్లో రుజువైపోయింది. మర్జూఖ్ పేరే వినని కుర్రకారుకి కూడా తెలిసిపోయింది: ఎవరో ట్యాంకుకి దారి చూపించాడట, కొడుకు దాన్ని దాచడానికి లప్పం పూశాడట.

నమూనాని ఇంటికి తెచ్చాక హిష్మత్ మెట్లు, గట్టు ఊడదియ్యడానికి కత్తి తీసుకున్నాడు. లప్పంతో పాటు థర్మాకోల్ కూడా పెళ్లలుగా లేచి వచ్చింది. నగాత్ కత్తి లాక్కుంది.

"వద్దు. ఇప్పుడు వెడల్పు చేస్తే అదీ దొంగపనే అంటారు. ముందే చెప్పాను కదా అని నేను అనను. కానీ ఇంక దాన్ని ముట్టుకోకు."

"బదావీ ఇంకోసారి చెబితే వింటారు. లుత్ఫీ కొట్లో కూర్చుని, తీరిగ్గా చెబితే."

"వెళ్లి అడుగు మరి," అంది ఆవిడ అలసటగా.

మైక్రోబస్సులో దుమ్యాత్ వెళ్లాడు. బదావీ కూతురి ఇల్లు కుర్చీలకి చెక్కడం పని చేసే దుకాణాల వీధిలో ఉంది. ముసలాయన ఎండలో మంచం వేసుకుని కూర్చున్నాడు. హిష్మత్‌ని గుర్తుపట్టి, కూతుర్ని పిలిచి టీ పెట్టమన్నాడు. జ్ఞాపకం దెబ్బతిన్న మనిషిలా ఏమీ లేడు.

"ఒక్కటే అడుగుతాను బదావీ బాబాయ్. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు? మా నాన్న బతికుండగా ఎందుకు చెప్పలేదు?"

బదావీ తప్పించుకోలేదు. "మొదట్లో చెప్పాను. నేను చూశాను, మేడల మీదనుంచి వచ్చారు అనేవాణ్ణి. పిల్లలు ఒక్క నిమిషం విని లేచిపోయేవాళ్లు. పక్కవాడు ట్యాంకు వచ్చిన కథ చెబితే అందరూ వాడి చుట్టూ చేరేవాళ్లు. కొన్నాళ్లకి నేనూ ట్యాంకుతోనే చెప్పడం మొదలెట్టాను నాయనా. ట్యాంకు ఉంటేనే వింటారు. నువ్వూ ట్యాంకు పెట్టావుగా."

"ఆ వేళ మా నాన్న ఎక్కడున్నాడు?"

"అది నాకెలా తెలుస్తుంది? అక్కడ లేడు. అంతవరకే తెలుసు."

టీ వచ్చింది. చక్కెర ఎక్కువైంది. హిష్మత్ గ్లాసు పట్టుకుని, వచ్చిన పని చెప్పాడు. ఒక్క రోజు పోర్ట్ సయీద్ రావాలి. బండి తనే మాట్లాడి తీసుకెళ్తాడు. లుత్ఫీ ఎదుట, నలుగురి ఎదుట, చూసింది చూసినట్టు చెప్పాలి.

"వస్తాను. నాకేం పోయింది?" అన్నాడు బదావీ. "కానీ వాళ్లు నన్ను ఏమీ అడగరు. నిన్ను అడుగుతారు."

"ఏమని?"

"బొమ్మ ట్యాంకు సందులో దూరింది కదా మొదట, నీ ఇంట్లో. అప్పుడు నీకేమనిపించిందని అడుగుతారు."

వీధిలో ఎక్కడో చెక్క మీద ఉలి చప్పుడు ఆగి మళ్లీ మొదలైంది. హిష్మత్ అబద్ధం చెప్పొచ్చు. అప్పుడు అతని మొహం ఎవరూ చూడలేదు, నగాత్ కూడా అతని వీపే చూసింది.

"నిజమే కాబోలు అనిపించింది," అన్నాడు.

బదావీ తన టీ గ్లాసు కింద పెట్టాడు.

"నీకే అలా అనిపిస్తే, ఇక ఊళ్లోవాళ్లని నన్నేమనమంటావు?" అన్నాడు.